విత్తనపు గుర్రం వచ్చిన పూట

మా టైయెరి మైదానంలో మనుషుల వంశం ఎవరికీ అక్కర్లేదు గానీ గుర్రాల వంశం మాత్రం అందరికీ కంఠతా వచ్చు. ఈ దక్షిణపు దేశంలో వసంతం మొదలయ్యే సెప్టెంబరు వచ్చి పొద్దుటిపూట మంచు పలచబడిందంటే చాలు, డనీడిన్ పట్నం పేపరు వెనకపేజీ నిండా విత్తనపు గుర్రాల ప్రకటనలే. ఫలానా గుర్రం, ఫలానా తండ్రికి పుట్టింది, వాళ్ళ తాత స్కాట్లండులో ఫలానా సంతలో బహుమతి కొట్టింది, ఎత్తు ఇంత, రంగు ఇది, గుణం సాధువు. గుణం దగ్గర అందరూ సాధువనే రాస్తారు. పెళ్ళిసంబంధం మాట్లాడేటప్పుడు పిల్లవాడికి ఏ అలవాట్లూ లేవని చెప్పడం లాంటిదే అదీను. నేను స్కాట్లండు నుంచి వచ్చి ఇక్కడ ఓడ దిగిన రోజున గుమాస్తా నా ముత్తాత పేరు అడిగితే బుర్ర గోక్కున్నాను. స్ట్రాకన్ గారి విత్తనపు గుర్రం ప్రిన్స్ ముత్తాత పేరు అడగండి, నిద్రలో లేపినా చెబుతాను.

ప్రిన్స్ క్లైడ్స్‌డేల్ అనే బరువులు లాగే జాతి. ముదురు ఎరుపు ఒళ్ళు, నుదుటి మీద తెల్లచార, గిట్టల చుట్టూ తెల్లటి కుచ్చులు. వసంతం పొడుగునా ఒక మనిషి దాన్ని చేత్తో పట్టుకుని, తాను నడుస్తూ, ఊరూరా పొలం పొలానికీ తిప్పేవాడు. జూలుకి రిబ్బన్లు కట్టేవాడు. ఏ వారం ఏ ఇంటికో ముందే అందరికీ తెలుసు. ఆడగుర్రం ఎదకొచ్చిన ఇల్లయితే పెరట్లోకి తోలుకెళ్ళి దాటించేవాడు. తిండీ పడకా ఆ పూటకి ఎక్కడుంటే అక్కడే. నేల దున్నాలన్నా, దుంగలు లాగాలన్నా గుర్రం లేకపోతే మేం లేం కాబట్టి ఆ నడిపించేవాడికి పాస్టరు గారి తర్వాత పాస్టరు గారంత మర్యాద.

ఇందులో ఒక పద్ధతి ఉండేది. విత్తనపు గుర్రం పెరట్లో అడుగుపెట్టిందంటే ఆ ఇంటి ఆడవాళ్ళందరూ లోపలికి వెళ్ళిపోవాలి. కిటికీలకి తెరలు దించేయాలి. పని పూర్తయి, గుర్రాన్ని గేటు దాటించి, మగవాళ్ళెవరైనా తలుపు కొట్టి "అయిందమ్మా" అని చెప్పేదాకా బయటికి రాకూడదు, తొంగి చూడకూడదు. ఎవరు పెట్టారో తెలియదు. బైబిల్లో మాత్రం నాకు కనపడలేదు. మా ఆడవాళ్ళు గొర్రెలకి కాన్పులు చేసేవాళ్ళు. అడ్డం తిరిగిన దూడని మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగేవాళ్ళు. పందిని కోస్తే రక్తం పట్టేవాళ్ళు. అంతా చూసిన ఆ కళ్ళు ఇదొక్కటి చూస్తే మాత్రం మైలపడిపోతాయని మా నమ్మకం. నేనూ నమ్మినవాణ్ణే. చర్చి సంఘ పెద్దని కూడాను.

ఏటికి ఇవతల మా పొలం. అవతల గ్రిజెల్ ముయిర్ పొలం. ఆమె పెనిమిటి వరదలో ఏరు దాటబోయి పోయాడు. కొడుకు నినియన్, కూతురు ఎఫీ, జెస్ అనే ఒక్క ఆడగుర్రం, అంతే ఆమె సంసారం. పద్ధతి అంటే గ్రిజెల్‌దే పద్ధతి. ఆదివారం నాడు గిన్నె కూడా గట్టిగా పెట్టనివ్వదు. విధవరాలి ఇంటి మీద పది కళ్ళుంటాయని ఆమెకి తెలుసు, పదకొండో కన్నుగా తనే కాపలా కాసేది. నినియన్ పిల్లవాడుగా ఉన్నన్నాళ్ళూ ప్రిన్స్ వచ్చిన పూట జెస్‌ని పట్టుకోవడానికి నేనే వెళ్ళేవాణ్ణి. విత్తనపు గుర్రం దగ్గర ఒక మనిషి, ఆడగుర్రం దగ్గర ఒక మనిషి, ఇద్దరుంటే తప్ప ఆ పని చేయకూడదు. అదీ పద్ధతే, కాకపోతే ఇది బుద్ధున్న పద్ధతి.

ఆ ఏడు ప్రిన్స్‌ని నడిపించే పని నినియన్‌కి దొరికింది. ఇరవై ఏళ్ళవాడికి అంత గుర్రాన్ని అప్పగించారంటే మాటలా. గ్రిజెల్ పైకి ఏమీ అనలేదు గానీ చర్చికి కొత్త టోపీ పెట్టుకొచ్చింది. ఆరాధన అయ్యాక బయట నిలబడ్డప్పుడు వాణ్ణి పట్టుకుని ఏడిపించాను.

"ఏరా నినియన్, నువ్వు గుర్రాన్ని నడిపిస్తున్నావా, అది నిన్ను నడిపిస్తోందా?"

"పొద్దున నేను, సాయంత్రం అది, టెయిట్ బాబాయ్. వంతులేసుకున్నాం."

"మంగళవారం మీ ఇంటికేగా. పాలు పితికేసి వచ్చేస్తాను. నేను వచ్చేదాకా దాన్ని గేటు బయటే ఉంచు."

"అలాగే బాబాయ్. అమ్మ స్కోన్ రొట్టెలు చేస్తానంది. ఆలస్యంగా వచ్చావంటే పళ్ళెం నాకడమే నీకు."

గ్రిజెల్ నవ్వుతూ వాడి భుజం మీద చిన్న దెబ్బ వేసింది. "పెద్దాయనతో ఆ మాటలేంట్రా. టెయిట్ గారూ, మీ పళ్ళెం విడిగా తీసి ఉంచుతాను. వీడి మాటలు పట్టించుకోకండి." ఆమె నవ్వడం నేను చూసిన ఆఖరుసారి అదే.

మంగళవారం నాడు అనుకున్న వేళకే ఏరు దాటాను. వాన వెలిసి పెరడంతా బురదగా ఉంది. ముందు నాకు కనపడింది ప్రిన్స్. పగ్గం నేల మీద ఈడ్చుకుంటూ గ్రిజెల్ క్యాబేజీ మడిలో తీరిగ్గా మేస్తోంది. జెస్ కంచెకి కట్టేసి ఉంది, ఒళ్ళంతా చెమట. నినియన్ కంచె దగ్గర లేడు. కంచెకీ ఇంటి గుమ్మానికీ మధ్యలో, గుమ్మానికే దగ్గరగా, బోర్లా పడి ఉన్నాడు.

ఏం జరిగిందో చూడగానే అర్థమయింది. రోడ్డు మీద ఉండగానే ప్రిన్స్‌కి జెస్ వాసన తగిలి ఆగి ఉండదు. కుర్రాడికి ఉత్సాహం. సొంత ఇల్లు, సొంత గుర్రం, నేనొక్కణ్ణీ చాలనుకున్నాడు. జెస్ తన్నింది. తొడ ఎముక విరిగి, కండ చీలి, రక్తనాళం తెగింది. నడుముకున్న బెల్టు ఊడదీసి కాలికి చుట్టుకున్నాడు గానీ లాగి బిగించే ఓపిక లేకపోయింది. కంచె దగ్గర్నుంచి అక్కడిదాకా బురదలో ఈడ్చుకొచ్చిన జాడ, ఆ జాడంతా రక్తం. ముట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉన్నాడు. పిలిచాను. పలకలేదు.

నా చెయ్యి వాడి మెడ మీద ఉండగానే కిటికీ తెర వెనక నుంచి గ్రిజెల్ గొంతు వినపడింది.

"టెయిట్ గారా? అయిందా అండీ? టీ చేదెక్కిపోతోంది."

 తలుపుకి పది అడుగుల దూరంలో ఉన్నాను. ఆమె తలుపు తీస్తే కనపడేది కొడుకు శవం ఒక్కటే కాదు, ఆ జాడ. వాడు బతికుండి, తన గుమ్మం వైపే పాక్కుంటూ వచ్చాడన్న సంగతి ఆ బురద మీద రాసి ఉంది. ఏ తల్లీ అది చదవకూడదు.

"ఇంకా లేదమ్మా," అన్నాను. "లోపలే ఉండు."

"సరేనండీ," అంది. కుర్చీ జరిపిన చప్పుడు వినపడింది. మళ్ళీ కూర్చుంది.

ముందు ప్రిన్స్‌ని గేటుకి కట్టేశాను. వాణ్ణి చేతుల మీద ఎత్తుకుని కంచె దగ్గరికి తీసుకెళ్ళి పడుకోబెట్టాను. పశువులపాకలోంచి పార తెచ్చి జాడ పొడుగునా బురద తిరగేశాను. గడ్డి తెచ్చి పరిచాను. చేస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. అయ్యాక వెళ్ళి తలుపు కొట్టాను. "అయిందమ్మా" అన్న మాట మాత్రం నా వల్ల కాలేదు. తలుపు కొట్టి ఊరుకున్నాను.

ఆ తర్వాతది చెప్పను. తల్లి అన్నవాళ్ళెవరైనా ఊహించుకోగలరు.

సాయంత్రానికి డాక్టరు వచ్చాడు. నన్ను పక్కకి పిలిచి, ఎవరైనా ఆ బెల్టు పట్టుకుని గట్టిగా బిగించి ఉంటే కుర్రాడు బతికేవాడన్నాడు. నేను ఆయన చొక్కా పట్టుకున్నంత పనిచేసి, ఆ మాట ఈ ఇంట్లో అంటే బాగుండదన్నాను. ఆయన మంచివాడే, తలూపాడు. అక్కడికక్కడే పోయాడు, నొప్పి కూడా తెలియలేదు, అని నేను ఊరందరికీ చెప్పాను. ఊరందరూ గ్రిజెల్‌కి చెప్పారు. వింటూ తలూపేది. ఒక్కసారి కూడా మళ్ళీ అడగలేదు.

అంత్యక్రియల నాడు ఆడవాళ్ళు ఒకటే పొగడ్త. కొడుకు ప్రాణం పోతున్న వేళ కూడా ఇల్లాలు మర్యాద తప్పలేదు, తెర ఎత్తలేదు అని. పాస్టరు గారు ఆదివారం ప్రసంగంలో ఆమె నిగ్రహం గురించి చెప్పి, మన కూతుళ్ళు చూసి నేర్చుకోవాలన్నారు. గ్రిజెల్ ముందు బెంచీలో కూర్చుని నేల చూపులు చూస్తూ ఉంది. పక్కన ఎఫీ లేచి బయటికి వెళ్ళిపోయింది. దుఃఖం ఆపుకోలేక వెళ్ళిందనుకున్నాం.

ప్రిన్స్ ఒక్క రోజు కూడా ఆగలేదు. వాడు పోయిన మర్నాడే, బుధవారం నాడు, వేరే మనిషి దాన్ని తిప్పాడు. ఎవరూ తప్పుపట్టలేదు. తప్పుపట్టడానికి ఎవరికి తీరిక, అందరి ఆడగుర్రాలూ ఎదకొచ్చి ఉన్నాయి. గుర్రాన్ని అనడానికేముంది, తన్నింది కూడా అది కాదు. అయినా ఆ గిట్టల కుచ్చులు కడిగి తెల్లగా దువ్వి, జూలుకి మళ్ళీ రిబ్బన్లు కట్టి మా గేటు ముందు నుంచి తోలుకుపోతుంటే నేను గేటు దగ్గరికి వెళ్ళాను. రాయి తీసుకున్నాను. విసరలేక పారేశాను.

చలికాలం రాకముందే ఎఫీ డనీడిన్‌లో ఎవరింట్లోనో పనికి కుదిరి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు తల్లిని ముద్దుపెట్టుకోలేదని బండివాడు చెప్పాడు. ఊరు నోరు ఊరుకుంటుందా. కొడుకు పోయిన తల్లిని ఒంటరిగా వదిలేసి పట్నం షోకులకి పోయిందన్నారు. కడుపున పుట్టిన రాయన్నారు. ఆ మాటలు అంటుంటే గ్రిజెల్ విని, సంచీ తీసుకుని దుకాణంలోంచి వెళ్ళిపోవడం మా ఆవిడ చూసింది.

మళ్ళీ వసంతం వచ్చింది. గ్రిజెల్ ఇంటి రోడ్డు తప్పించి చుట్టూ తిప్పుకుపొమ్మని స్ట్రాకన్ గారు కొత్త మనిషికి చెప్పారు. మర్యాదగల ఆలోచనే. అయితే గ్రిజెల్ కూడలి దాకా నడిచొచ్చి రోడ్డుకి అడ్డంగా నిలబడింది.

"ఎటు పోతున్నావు నాయనా? నా గుర్రం ఎదకొచ్చింది. తోలుకురా."

"అమ్మగారూ, టెయిట్ గారిని పిలవమంటారా? పట్టుకోవడానికి..."

"ఎందుకూ? నేను పట్టుకుంటాను."

ఆమెతో వాదించే వయసు కాదు వాడిది. పెరట్లోకి వెళ్ళేసరికి ఇంటి కిటికీలన్నిటికీ తెరలు ఎత్తి ఉన్నాయట. ఆమె జెస్ వెనక్కాళ్ళకి బంధం తనే వేసి, కళ్ళెం తనే పట్టుకుని, కదలకుండా నిలబడిందట. కళ్ళు కూడా పక్కకి తిప్పలేదట. పనయ్యాక నీళ్ళిచ్చి, నీకు దెబ్బేమీ తగల్లేదు కదా అని అడిగి పంపించిందట. వాడు ఆ సాయంత్రం సారాకొట్లో సిగ్గుతో ఎర్రబడి ఈ కథ చెప్పాడు. పొద్దున్నకల్లా మైదానం అంతా పాకింది. పోయినేడు దేవతన్న నోళ్ళే బరితెగించింది అన్నాయి. మగదిక్కు లేని ఇల్లు, మతి చెడింది, అని జాలిపడ్డవాళ్ళూ ఉన్నారు. వారం తిరక్కుండా ఆమె ఇంకోసారి అదే పని చేసింది, ఈసారి పక్కింటి మెక్‌ఫీ వాళ్ళ పెరట్లో. పట్టుకునే మనిషి రాలేదని తెలిసి పొలాలకి అడ్డంపడి వెళ్ళి పట్టుకుంది.

సంఘం సమావేశం పెట్టారు. లోగన్ గారినీ నన్నూ వెళ్ళి మందలించి రమ్మన్నారు. లోగన్ గారు పెద్దల్లోకెల్లా పెద్ద. నీళ్ళ గ్లాసు ముందు కూడా ప్రార్థన చేస్తాడు. నేను వెళ్ళనన్నాను. పక్కింటివాడివి, నీ మాట వింటుందన్నారు.

మేం వెళ్ళేసరికి ఆమె వాకిట్లోనే ఉంది. లోపల కూర్చోబెట్టి, టీ పోసి, ఓట్స్ రొట్టె పెట్టి, ఎదురుగా నిలబడింది. లోగన్ గారు గొంతు సవరించుకున్నాడు.

"గ్రిజెలమ్మా, నీ కష్టం మాకు తెలుసు. నీ మీద గౌరవంతోనే వచ్చాం. కానీ ఆడది ఆ పూట ఆ చోట నిలబడ్డం... ఏమంటారు టెయిట్ గారూ... తగని పని."

"అవునండీ, తగదంటారు," అంది.

"మరి తెలిసి ఎందుకమ్మా?"

ఆమె నా వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది.

"టెయిట్ గారూ, మా నినియన్ అక్కడికక్కడే పోయాడన్నారు మీరు."

"అవునమ్మా."

"కంచె దగ్గర."

"అవును."

"అక్కడ పోతే కంచె దగ్గర పరవాలి గడ్డి. గుమ్మం దాకా ఎందుకు పరిచారండీ?"

 చేతిలో కప్పు కింద పెట్టేశాను. ఏడాదిగా నేను దాచిందేదీ దాగలేదు. లోగన్ గారికి ఏమీ అర్థంకాక నా మొహం వైపు చూస్తున్నాడు.

"మీరు మంచికే చేశారు. మిమ్మల్ని అనడం లేదు," అంది గ్రిజెల్. "ఆ గడ్డి లేకపోయినా నాకు తెలుసు. వాడు పిలిచాడండీ."

"ఏమని పిలిచాడమ్మా?" లోగన్ గారు మెల్లగా అడిగాడు.

"ముందు ఎఫీని పిలిచాడు. మేమిద్దరం ఇదే గదిలో, ఇదిగో, ఈ కుర్చీల్లో. తెరలు దించుకుని. ఎఫీ లేచింది. నేను దాని గౌను పట్టుకుని లాగాను. గుర్రం ఇంకా పెరట్లోనే ఉంది, పెళ్ళికాని పిల్లవి, ఎక్కడికే అన్నాను. తర్వాత నన్ను పిలిచాడు. అమ్మా అని. గొంతు వేరేగా ఉంది. నాకు తెలిసింది. నా కొడుకు గొంతు నాకు తెలియదా? తెలిసి కూడా, గుర్రం మొరాయిస్తోందేమో, టెయిట్ గారు వచ్చేస్తార్లే అన్నాను. ఎఫీ ఏడుస్తూ అమ్మా అమ్మా అని నా చెయ్యి విడిపించుకుంటోంది. ఊరేమనుకుంటుంది, కూర్చో అన్నాను. కూర్చుంది. చిన్నప్పట్నుంచీ మాట వినేలా పెంచాను కదా. కాసేపటికి వాడు పిలవడం మానేశాడు. చూశావా, సర్దుకుంది, అన్నాను దానితో."

 నేను తలుపు ఇవతల నిలబడి "ఇంకా లేదమ్మా" అన్నప్పుడు అవతల ఆ పిల్ల ఎలా కూర్చుని ఉందో అప్పుడు నా కళ్ళకి కట్టింది.

లోగన్ గారు టోపీ చేతిలోకి తీసుకున్నాడు. "ప్రార్థన చేద్దామా అమ్మా," అన్నాడు. 

"చేద్దాం. ముందు ఒక్క మాట. తప్పు చేసినవాళ్ళని సంఘం ముందు నిలబెడతారు కదండీ. నన్ను నిలబెట్టండి, వస్తాను. ఈ ఏడు బయట నిలబడ్డందుకు కాదు. పోయినేడు లోపల కూర్చున్నందుకు. అప్పుడు నన్ను మందలించడానికి ఒక్కరూ రాలేదు. పాస్టరు గారు మెచ్చుకున్నారు."

లోగన్ గారు తల వంచుకున్నాడు. నేనూ అంతే.

"ఇంకోటి," అంది. "ఎఫీని గురించి దుకాణంలోనూ చర్చి దగ్గరా అంటున్నారే, రాయి అనీ, వదిలేసి పోయిందనీ. అనకండి. మీ ఇళ్ళల్లో కూడా చెప్పండి, టెయిట్ గారూ. ఆ పిల్లని ఎవరూ ఏమీ అనకూడదు. అది లేచింది."